పెరటి తెగులుకు ప్రహరీ అడ్డు కాదు

కోనసీమలో పెరడు లేని ఇల్లు అరుదు. రెండు సెంట్ల జాగా ఉన్నా అందులో ఒక కొబ్బరి చెట్టు, నూతి దగ్గర నాలుగు అరటి పిలకలు, వంటింటి నీళ్లు పారేచోట కంద, చేమ, దడి మీద బచ్చలి, పందిరి మీద ఆనపో బీరో ఉంటాయి. పెళ్లి భోజనంలో కందా బచ్చలి కూర లేకపోతే బంధువులు పది రోజులు చెప్పుకునే ప్రాంతం మనది. ఆ కందా, ఆ బచ్చలీ ముందు పెరటివి, తర్వాతే పొలానివి.

ఈ పెరళ్లను ఇంతకాలం పచ్చగా ఉంచింది ఇరుగుపొరుగు ఇచ్చుకున్న విత్తనం, చెప్పుకున్న మాట. "వదినా, మీ పొట్ల పాదు విరగకాస్తోంది, మా దానికి పిందె రాలిపోతోంది, ఏం వేశారేంటి?" అని దడి మీదుగా అడిగితే జవాబు దొరికేది. జవాబుతోపాటు గుప్పెడు గింజలు కూడా కొంగులో పడేవి. దడులు పోయి ప్రహరీ గోడలు లేచాక ఆ మాటలు తగ్గిపోయాయి. మొక్కకు జబ్బు చేస్తే గోడ అవతలి పెద్దావిడను అడిగేవారు తక్కువ, సెంటరులో పురుగు మందుల దుకాణానికి వెళ్లి "వంగకు పురుగు పట్టింది, ఏదో ఒకటి ఇవ్వండి" అనేవారు ఎక్కువ. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. ఆ పెరటి చెట్టుకే వైద్యం కావలసి వచ్చినప్పుడు పొరుగింటి అనుభవం కూడా మనకు అలాగే పనికిరానిదైంది.

ఇందువల్ల జరుగుతున్న నష్టం చిన్నది కాదు. పెరటి తెగుళ్లలో చాలావరకు ఒక ఇంటితో ఆగేవి కావు. వీధివీధంతా కూడబలుక్కుంటే పోయే జబ్బుకు ఎవరికి వారు సీసా కొనుక్కుంటే డబ్బు పోతుంది, జబ్బు మాత్రం పోదు. అందుకు నిదర్శనాలు మన కళ్లముందే ఉన్నాయి.

తెల్లదోమ నేర్పిన పాఠం

కొబ్బరిని పట్టి పీడిస్తున్న సర్పిలాకార తెల్లదోమను తీసుకోండి. ఇది మన దేశపు పురుగు కాదు, మధ్య అమెరికా ప్రాంతం నుంచి వచ్చింది. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో మొదట కనిపించింది. అదే సంవత్సరం చివరికి మన పక్కనే ఉన్న కడియం నర్సరీలలో బయటపడింది. పురుగు అంత దూరం రెక్కలతో ఎగిరి వచ్చిందని ఎవరూ అనుకోనక్కరలేదు. ఇటువంటి పురుగులు ఎక్కువగా మొక్కలతోపాటు బండ్లెక్కి ప్రయాణం చేస్తాయి.

ఈ దోమ కొబ్బరి ఆకు అడుగున తెల్లటి మైనపు పొడి మధ్య చుట్టలు చుట్టలుగా గుడ్లు పెడుతుంది. రసం పీల్చి తేనెవంటి జిగురు విసర్జిస్తుంది. ఆ జిగురు కింద ఉన్న అరటి మీద, జామ మీద, కరివేపాకు మీద పడుతుంది. దాని మీద నల్లటి బూజు పెరిగి ఆకులు మసి పూసినట్టు అవుతాయి. ఇల్లాలికి కనిపించేది ఆ మసే. జామ చెట్టుకు తెగులు వచ్చిందని దుకాణం నుంచి మందు తెచ్చి జామ మీద కొట్టిస్తుంది. అసలు పురుగు పైన కొబ్బరి మట్టల్లో ఉంది. ఆ కొబ్బరి ఒక్కొక్కసారి పక్కింటివారిది కూడా అవుతుంది! గోడ అవతలివారితో మాట్లాడకుండా ఈ జామకు వైద్యం ఎలా జరుగుతుంది?

అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానం మన గుమ్మంలోనే ఉంది. దీని విషయంలో శాస్త్రజ్ఞులు చెబుతున్నది ఒక్కటే: విషపు మందులు కొట్టవద్దు. ఈ దోమ పిల్లల్లో గుడ్లు పెట్టి చంపే ఎన్‌కార్సియా అనే కంటికి ఆనీ ఆనని కందిరీగ జాతి పురుగు ఉంది. అల్లిక రెక్కల పురుగు ఉంది. దోమకు రోగం తెప్పించే ఐసేరియా అనే శిలీంద్రం ఉంది. విషం కొడితే ముందు చచ్చేది మనకు సాయం చేసే పురుగులే. అందే ఎత్తులో ఉన్న మొక్కలకు గొట్టంతో నీరు జోరుగా ఆకు అడుగు భాగానికి తగిలేలా కొడితే దోమ చాలావరకు రాలిపోతుంది. పసుపురంగు రేకుకు ఆముదం పూసి కడితే పెద్ద దోమలు అంటుకుంటాయి. మసి పట్టిన ఆకుల మీద పల్చటి గంజి చల్లితే అది ఎండి పెచ్చులుగా రాలుతూ మసిని కూడా తీసుకుపోతుంది. ఇవన్నీ చేయదగినవే. కాని వీధిలో పది ఇళ్లవారు ఒకే వారంలో చేస్తే ఒక ఫలితం, ఒక్కరే చేస్తే మరొక ఫలితం.

ఒకరి పెంటకుప్ప, పదిమంది కొబ్బరి

కొమ్ము పురుగు సంగతి కూడా అంతే. లేత మొవ్వును తొలిచేస్తే ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కత్తిరించినట్టు కనిపిస్తుంది. చెట్టు మీద కనిపించే నల్లటి పెంకు పురుగును ఇనుప కొక్కెంతో లాగి చంపుతున్నారు. మొవ్వు మొదట్లో నాఫ్తలీన్ ఉండలు పెట్టి ఇసుక కప్పుతున్నారు. మంచిదే. కాని ఆ పురుగు పుట్టేది చెట్టు మీద కాదు. పెంటకుప్పలో, కుళ్లిన కొబ్బరి మొద్దులో దాని పిల్లలు తెల్లగా, లావుగా, చుట్ట చుట్టుకుని నెలల తరబడి పెరుగుతాయి. ఏడాది పొడుగునా తిరగవేయని ఒక్క కుప్ప చుట్టుపక్కల చెట్లన్నిటికీ పురుగును సరఫరా చేస్తుంది.

కుప్పను అప్పుడప్పుడు తిరగవేస్తే చాలు, బయటపడిన పిల్ల పురుగులను కోళ్లే ఏరుకు తింటాయి. మెటారైజియం అనే శిలీంద్రపు పొడిని కుప్పలో కలిపితే పిల్ల పురుగులకు రోగం వచ్చి చస్తాయి. ఖర్చు స్వల్పం. కాని కుప్ప ఒకరిది, నష్టపోయే కొబ్బరి మరొకరిది. "అన్నయ్యగారూ, మీ కుప్ప ఒకసారి తిరగవేయిస్తే మా మొక్కలు బతుకుతాయి" అని చెప్పడానికి మొహమాటం అడ్డు వస్తోంది. నలుగురూ కూర్చున్న చోట ఆ మాట వస్తే ఎవరికీ తప్పుగా తోచదు.

ఈ విషయంలో మనం అడగవలసిన మనిషి మరొకరు ఉన్నారు. దింపు తీసే కార్మికుడు. ఊళ్లో ప్రతి పెరట్లో ప్రతి చెట్టు మొవ్వునూ కళ్లతో చూసేది అతనొక్కడే. ఏ వీధిలో కొమ్ము పురుగు ఎక్కువగా ఉందో, ఏ చెట్టుకు మొవ్వు కుళ్లు మొదలైందో అందరికన్నా ముందు అతనికి తెలుస్తుంది. కాయల లెక్క అడిగి కూలి ఇచ్చి పంపుతున్నాం. చెట్టు ఎలా ఉందని ఒక్క మాట అడగడం లేదు.

పూస్తోంది గాని కాయడం లేదు

పెరటివారి నోట ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇది. పాదు బాగా అల్లుకుంది, పువ్వులు రాలిపోతున్నాయి, ఏం మందు వేయాలి? చాలా సందర్భాలలో వేయవలసిన మందేమీ లేదు. ఆనప, బీర, గుమ్మడి, కాకర పాదులకు మొదట వచ్చేవి మగ పువ్వులు. అవి రాలవలసినవే. కింద చిన్న పిందె ఉన్న ఆడ పువ్వులు తర్వాత వస్తాయి. ఆ ఆడ పువ్వు కూడా రాలితే పుప్పొడి అందలేదని అనుమానించాలి. తేనెటీగలు, చిమటలు, ఇతర పురుగులు తిరగకపోతే పుప్పొడి అందదు. ఒక ఇంట్లో వంగ మీద కొట్టిన విషం పది ఇళ్ల బీరపాదులకు పిందె లేకుండా చేయగలదు. తేనెటీగకు ఎవరి గోడ ఎక్కడో తెలియదు కదా!

అంతవరకు చేతితోనైనా పని జరిపించవచ్చు. అప్పుడే విచ్చుకున్న మగ పువ్వు కోసి, రేకులు ఒలిచి, పుప్పొడిని ఆడ పువ్వు మధ్య భాగానికి మెల్లగా రాయాలి. వేళ తెలియడం ముఖ్యం. బీర, ఆనప సాయంత్రం పూస్తాయి. గుమ్మడి, కాకర తెల్లవారే వేళ పూస్తాయి. ఈ సంగతి పాతకాలపు ఇల్లాళ్లకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయికి ఎవరు చెబుతారు?

తీగ చిక్కుడుది మరొక కథ. మన పాతరకం చిక్కుడు పగలు పొట్టిగా, రాత్రి పొడుగ్గా ఉండే చలికాలంలోనే పూస్తుంది. వేసవిలో గింజ పెట్టి పూత రాలేదని యూరియా వేస్తే ఆకు మాత్రమే పెరుగుతుంది. ఎదురు చూడటమే దానికి వైద్యం.

ఇక పండు ఈగ. కాకర, దోస, బీర కాయల్లో గుడ్లు పెడితే లోపల పురుగులు పడి కాయ కుళ్లుతుంది. పుచ్చిన కాయను తెంపి గోడ పక్కన విసిరేయడం మనకు అలవాటు. ఆ పురుగు కాయలోంచి దిగి మట్టిలో దూరి, కోశం కట్టుకుని, మళ్లీ ఈగై లేస్తుంది. పుచ్చు కాయలను ఏరోజుకారోజు ఏరి లోతుగా పాతిపెట్టాలి, లేదా నీళ్లలో ముంచి చంపాలి. ఇదీ వీధివారంతా చేయవలసిన పనే. ఒక్క ఇల్లు మానేస్తే మిగిలినవారి శ్రమ సగం వృథా.

మందు సీసా పెరట్లోకి ఎందుకు?

వరికి తెచ్చిన మందు సీసాలో కాస్త మిగిలితే దాన్ని వంగ మీద, బెండ మీద కొట్టడం చాలా ఊళ్లలో జరుగుతున్నది. దీన్ని గట్టిగా వ్యతిరేకించవలసి ఉంది. వరిని ఒక్కసారి కోస్తారు. మందు కొట్టిన తర్వాత ఇన్ని రోజులు ఆగి కోయాలని సీసా మీద రాసే గడువు అక్కడ సాగుతుంది. పెరటి బెండ రోజు విడిచి రోజు కోస్తాం. పచ్చిమిర్చి కూర పొయ్యి మీద ఉండగా కోసుకొస్తాం. ఇక్కడ ఆ గడువు ఎవరు పాటించగలరు? పక్కనే పిల్లలు ఆడుకుంటారు, గేదె కట్టేసి ఉంటుంది, నూతి గట్టు నాలుగడుగుల దూరంలో ఉంటుంది.

మోనోక్రోటోఫాస్ మందును కూరగాయల మీద వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. ఆ మందు ఎంతటిదో 2013 జూలైలో బీహారులోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో దేశమంతా చూసింది. బడిలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసి ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. అది పెరట్లో జరిగినది కాదు. కాని పురుగు మందు వంట సామానుకు దగ్గరగా వస్తే ఏమి జరుగుతుందో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద హెచ్చరిక అక్కరలేదు. ఖాళీ సీసాలు, డబ్బాలు కడిగి ఇంట్లో వాడుకోవడం ఈ రోజుతో మానాలి.

డబ్బా మీద ఉండే రంగు గుర్తు చదువు రానివారికి కూడా అర్థమయ్యేదే. ఎరుపు అన్నిటికన్నా ప్రమాదకరం, తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, ఆకుపచ్చ అన్నిటిలోకి తక్కువ. ఎరుపు, పసుపు గుర్తుల డబ్బాలకు పెరట్లో పని లేదు.

నిజానికి పెరటి జబ్బులు చాలావాటికి మందే లేదు. బెండకు ఈనెలు పసుపెక్కే శంఖు రోగం వచ్చినా, వంగకు చిట్టి చిట్టి ఆకులు గుబురుగా వచ్చే వెర్రి తెగులు వచ్చినా ఆ మొక్క ఇక కోలుకోదు. పీకి పారేయడమే మిగిలినవాటికి రక్ష. దుకాణదారు అలా చెబితే అతనికి బేరం పోతుంది. పొరుగింటావిడ చెబితే ఆమెకు పోయేదేమీ లేదు. వంగ కొమ్మ కొసలు వడలి వాలితే లోపల పురుగు ఉన్నదని గుర్తు, అంతవరకు తుంచి నలిపేయాలి. చిక్కుడుకు పేనుబంక పడితే తెల్లవారి మంచు ఉండగానే కట్టెల బూడిద జల్లడం మన పెద్దల పద్ధతి. వేప గింజల పప్పు 50 గ్రాములు దంచి లీటరు నీటిలో రాత్రి నానబెట్టి, వడగట్టి, కొద్దిగా సబ్బు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేస్తే లేత పురుగులు చాలావరకు అదుపులోకి వస్తాయి. పది మొక్కల పెరటికి ఇంతకంటే ఏం కావాలి?

సలహా ఇచ్చేవారికి, తీసుకునేవారికి

అలా అని పొరుగువారు చెప్పినదంతా వేదమని ఇక్కడ ఎవరూ అనడం లేదు. తెలిసీ తెలియని సలహా కూడా చేటు చేస్తుంది. బట్టల సబ్బు పొడి ఎక్కువ కలిపి చల్లితే ఆకు మాడుతుంది. మెరక నేలలో పనిచేసిన పద్ధతి వానాకాలం నీరు నిలిచే పల్లపు పెరట్లో పనిచేయదు. అక్కడ ముందు చేయవలసింది మట్టి ఎత్తు చేసి పాదు కట్టడం, నీరు పోయే బోదె తీయడం.

కాబట్టి సలహా చెప్పేముందు నాలుగు ప్రశ్నలు అడగాలి. ఎండ ఎంతసేపు తగులుతుంది? నీరు నిలుస్తుందా? ఈ నెలలో ఏమేమి వేశారు? ఆకు పైన మచ్చలా, అడుగునా? అడిగేవారు జబ్బు ఆకును మూత కట్టిన కవరులో వేసి తీసుకురావాలి, ఊళ్లో ఊపుకుంటూ తేకూడదు. చెప్పేవారు కూడా "మా ఇంట్లో ఇలా చేశాను, ఇన్నాళ్లకు ఇలా అయింది" అని చెప్పాలి, "ఇది వేస్తే తప్పక పోతుంది" అనకూడదు.

గింజలు, కొమ్మలు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. కొన్న హైబ్రిడ్ విత్తనం కాయలోంచి తీసిన గింజ తల్లిలా కాయదు. నాటు రకాల గింజలే దాచుకుని పంచుకోవాలి. మందారం కొమ్మ తెచ్చి నాటేముందు పిండినల్లి ఉందేమో చూడాలి. చీమలు బారులు కట్టి ఎక్కుతుంటే అనుమానించాలి. కొత్త మొక్కను నర్సరీ నుంచి తెచ్చినా, చుట్టాలింటి నుంచి తెచ్చినా రెండు వారాలు విడిగా ఉంచి, ఆకు అడుగు పరీక్షించి, ఆ తర్వాతే మిగిలిన మొక్కల మధ్య పెట్టాలి. తెల్లదోమ నేర్పిన పాఠం ఇదే.

సిమెంటు వాకిళ్ల మోజు

పెరడు గురించి మాట్లాడేటప్పుడు ఇంకొక మాట చెప్పక తప్పదు. గల్ఫు దేశాల సంపాదనతో మన ఊళ్లలో మంచి ఇళ్లు లేచాయి. సంతోషమే. కాని ప్రహరీ నుంచి ప్రహరీ దాకా సిమెంటు పోసి, పలకలు పరచి, నాలుగు కుండీల్లో అలంకారపు మొక్కలు పెట్టడం ముచ్చట అనుకుంటున్నారు. వాన నీరు ఇంకే చోటు లేక వీధిలోకి వస్తోంది. వేసవిలో ఆ పలకల వేడికి గడపలో కాలు పెట్టలేం. అలంకారం వద్దని కాదు. గేటు పక్కన నందివర్ధనం, మందారం, దడిగా కరివేపాకు, గోడ మీద బచ్చలి, మూల ఒక దబ్బ చెట్టు పెంచినా ఇల్లు అందంగానే ఉంటుంది. కూరకూ పూజకూ కూడా వస్తాయి. సగం వాకిలి అయినా మట్టిగా వదిలితే చాలు.

ఎవరేం చేయాలి?

పెరటి పని ఎక్కువగా ఆడవారిది. వ్యవసాయ సభలకు పిలిచేది పొలం ఉన్న మగవారిని. ఇదే అసలు చిక్కు. డ్వాక్రా సంఘాల సమావేశాలు ప్రతి ఊళ్లోనూ జరుగుతున్నాయి. అప్పు లెక్కలు అయ్యాక నెలకు ఒక్కసారి అరగంట పెరటి ముచ్చట్లకు కేటాయిస్తే వేరే ఖర్చేమీ లేదు. జబ్బు ఆకులు, మిగులు గింజలు తెచ్చుకుంటారు. ఎవరి కుప్ప తిరగవేయాలో, ఏ వారం అందరూ తెల్లదోమకు నీరు కొట్టాలో అక్కడే తేలుతుంది.

గ్రామ సచివాలయాలతోపాటు 2019 నుంచి ఉద్యాన సహాయకులు వచ్చారు. 2020లో రైతు భరోసా కేంద్రాలుగా మొదలైనవి ఇప్పుడు రైతు సేవా కేంద్రాలుగా ఉన్నాయి. వారికి పొలాల లెక్కలతోనే పొద్దు సరిపోతోందన్నది కాదనలేం. అయినా నెలలో ఒక్క పూట పెరటివారి కోసం కూర్చోవాలి. తమకు తేలని జబ్బును అంబాజీపేటకు చేరవేసి జవాబు తెచ్చి చెప్పాలి. ఎరుపు గుర్తు మందును పెరటి కూరగాయలకు అమ్మే దుకాణాలను వ్యవసాయ శాఖవారు హెచ్చరించాలి. బడి ఆవరణలో పాదులు పెట్టించే ఉపాధ్యాయులు పిల్లలకు ఆడ పువ్వు, మగ పువ్వు తేడా అక్కడే చూపించవచ్చు.

"బజారులో కిలో కూరగాయలు దొరుకుతుంటే ఇంత శ్రమ ఎందుకు?" అనేవారు ఉన్నారు. టమాటా ధర 2023 జూలైలో కిలో వంద రూపాయలు దాటినప్పుడు వారే ధరల గురించి అందరికన్నా ఎక్కువ వాపోయారు. పైగా బజారు కూర మీద ఎవరు ఏమి కొట్టారో మనకు తెలియదు. మన పెరటి కూర మీద మనం ఏమి కొట్టామో మనకు తెలుసు. ఆ ఒక్క నిశ్చింతను కూడా సీసా మందుతో పోగొట్టుకుంటే ఇక పెరడు ఎందుకు?

తొలకరికి ముందే పాదులు తవ్వుతాం. ఈసారి గింజ నాటేముందు గోడ అవతలివారిని ఒక్క మాట అడగండి. మీకు తెలిసినది వారికి చెప్పండి. డ్వాక్రా అక్కచెల్లెళ్లు, పంచాయతీ పెద్దలు, ఉద్యాన సహాయకులు ఈ విషయంలో చొరవ తీసుకుంటే ఊరికి ఎంతో మేలు చేసినవారవుతారు.